జాగ్రత్త: "ప్రాసెసర్ మారిస్తే ఎఫ్‌పీఎస్ డబుల్" అంటే నమ్మి డబ్బు కట్టకండి

గేమింగ్ కోసం ప్రాసెసర్ మార్పించాలనుకుంటున్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. (ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి తెరమీద పడే ఫ్రేములు, అంటే బొమ్మల సంఖ్య.) సికింద్రాబాద్‌లో ఒక కంప్యూటర్ షాపువాడు మా తమ్ముడిని ఎలా ముంచాడో చెప్తాను.

తమ్ముడిది రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. సైబర్‌పంక్ 2077 గేమ్ నత్తనడక నడుస్తోందంటే, షాపువాడు "ప్రాసెసర్ పాతబడింది, రైజెన్ 7 5700ఎక్స్ వేద్దాం, ఎఫ్‌పీఎస్ డబుల్" అన్నాడట. వేశారు. ఎఫ్‌పీఎస్ ఎక్కడున్నది అక్కడే! వెళ్ళి అడిగితే "విండోస్ మళ్ళీ వేయించండి" అని సలహా, దానికి వేరే చార్జీ. వాడిన ప్రాసెసర్ వాపసు తీసుకోరట.

ఇంతకన్నా ఒళ్ళు మండే విషయం కూలర్‌ది, అంటే ప్రాసెసర్‌ని చల్లబరిచే ఫ్యాన్‌ది. 5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు. 3600తో వచ్చిన కూలరే దానికి పనికొస్తుంది, రెండూ 65 వాట్లవే. పాత ప్రాసెసర్‌ని కూలర్‌తో సహా ఎక్స్ఛేంజ్‌లో లాగేసుకుని, మళ్ళీ కొత్త కూలర్ అంటగట్టాడు. బోర్డు కంపెనీ సైట్‌లో ఉచితంగా దొరికే బయోస్ (బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌కీ బిల్లు వేశాడు.

1650 అనేది 2019లో వచ్చిన చిన్న కార్డు. ఇలాంటి బరువైన గేముల్లో ముందు చేతులెత్తేసేది అదే. ప్రాసెసర్ ఎంత చురుగ్గా ఉన్నా, కార్డు ఫ్రేమ్ గీసి ఇచ్చేదాకా ఆగాల్సిందే కదా.

మీ సిస్టమ్‌లో అడ్డుపడుతున్నది ఏదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. గేమ్ ఆడుతూ అందులో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం చూడండి. 97-99 శాతం దగ్గరే కూర్చుంటే ప్రాసెసర్ జోలికి పోవద్దు. సీపీయూ (ప్రాసెసర్) శాతం మాత్రం చూసి మోసపోకండి, గేమ్ రెండు మూడు కోర్లనే పిండుతున్నా మొత్తం లెక్కలో 40 శాతమే కనిపించొచ్చు. అనుమానముంటే రిజల్యూషన్ 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే ఆపుతున్నది కార్డు. కదలకపోతే అప్పుడు ప్రాసెసర్ సంగతి ఆలోచించొచ్చు. వాలొరాంట్, సీఎస్2 (కౌంటర్-స్ట్రైక్ 2) లాంటి గేములు 144 హెర్ట్జ్ మానిటర్ మీద ఆడేవాళ్ళకి ప్రాసెసర్ మార్పు నిజంగానే పనిచేస్తుంది, కాదనను. ర్యామ్ ఒక్కటే స్టిక్ ఉంటే మాత్రం ముందు రెండోది వేసి చూడండి, అది చవక.

అయినా మార్చాల్సి వస్తే బిల్లు మీద ప్రాసెసర్ సీరియల్ నంబర్ రాయించుకోండి. పాత కూలర్ మాత్రం ఇంటికి తెచ్చుకోండి.