చెరువు గట్టు మీది చిన్న లెక్కలకు జెడ్‌స్టాండర్డ్

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్లేకొద్దీ చెరువులు పెరుగుతాయి, ఫోన్‌లో సిగ్నల్ గీతలు తగ్గుతాయి. మా పని ఆ చెరువుల్లోనే. వనామీ రొయ్య వేసిన రైతుల చెరువుల్లో డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, ఉప్పదనం, నీటి వేడి కొలిచే సెన్సర్లు పెట్టి, గట్టు మీద ఒక చిన్న బోర్డు, దానికో సిమ్ తగిలించి, ఆ లెక్కలు భీమవరంలోని మా సర్వర్‌కి పంపిస్తాం. ఒక్కో లెక్క జేసన్ అనే అక్షర రూపంలో రెండొందల బైట్ల చిల్లర. చూడ్డానికి అదెంత అనిపిస్తుంది. కానీ కొన్ని నిమిషాలకోటి చొప్పున, చెరువుకోటి చొప్పున, సిగ్నల్ ఉండీ లేనట్టుండే చోట ప్రతి బైటూ బరువే.

రొయ్యల సాగులో అసలు గండం తెల్లవారుజామున. పగలు నీటిలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. సూర్యుడు రావడానికి ముందు డీవో అన్నిటికంటే అడుగుకు పోతుంది. నాలుగు పీపీఎం లోపలికి దిగుతుంటే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో రైతు వెంటనే చూసుకోవాలి. మాకు మొదట్నుంచీ అండగా ఉన్న ఒక పెద్దాయన తేల్చి చెప్పారు: "పగలొచ్చే లెక్క నా కళ్లతో నేనే చూసుకుంటానమ్మా. తెల్లారగట్ల లెక్క రాకపోతే ఈ డబ్బా ఎందుకు?" "వస్తుందండి బాబాయ్ గారూ, రప్పిస్తాం" అన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి వాడిన సామాన్లలో జెడ్‌స్టాండర్డ్ అనే ఓపెన్ సోర్స్ కంప్రెషన్ (డేటాను కుదించే) లైబ్రరీ ముఖ్యమైనది. కొన్ని పంటలుగా వాడుతున్నాను, సోర్స్ నుంచి నేనే బిల్డ్ చేసుకుంటున్నాను. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

దీన్ని రాసింది యాన్ కొలే. వేగానికి పేరుపడ్డ ఎల్‌జెడ్4 అనే కంప్రెషన్ లైబ్రరీ కూడా ఆయనదే. ఫేస్‌బుక్‌లో ఉండగా 2016 ఆగస్టు 31న 1.0 వెర్షన్‌ను అందరికీ విడుదల చేశారు. లైసెన్స్ బీఎస్‌డీ లేదా జీపీఎల్ రెండో వెర్షన్, ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. ఫార్మాట్ వివరాలన్నీ ఆర్‌ఎఫ్‌సీ 8878 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా 2021లో అచ్చయ్యాయి. లినక్స్ కెర్నల్‌లోకి 4.14 నుంచే వచ్చింది. రేపు ఎవరో కంపెనీ మూసేస్తే మన డేటా తెరుచుకోదేమో అన్న బెంగ లేదు.

దీని గురించి ఎక్కడ చదివినా పెద్ద ఫైళ్ల మీద వేగం గురించే రాస్తారు. పాత కంప్రెషన్ సాధనం జీజిప్ కంటే వేగంగా, జీజిప్ కంటే చిన్నగా. నిజమే. కానీ నా మట్టుకు దీని విలువ పెద్ద ఫైళ్లలో లేదు. రెండొందల బైట్ల ముక్కను కూడా గట్టిగా కుదించగల డిక్షనరీలో ఉంది.

చిన్న ముక్క ఎందుకు కుదరదో ముందు చెప్పాలి. కంప్రెషన్ అంటే ఇంతకుముందు వచ్చిందే మళ్లీ వస్తే, దాన్ని పూర్తిగా రాయకుండా "అక్కడ చూడు" అని గుర్తు పెట్టడం. రెండొందల బైట్ల సందేశంలో "ఇంతకుముందు" అనేదే ఉండదు. దానికి తోడు, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే పట్టికను కూడా ముందు పెట్టాలి, అదీ చోటు తింటుంది. జీజిప్ అయితే మరీను. ముందు పది బైట్ల హెడర్, వెనక ఎనిమిది బైట్ల ముగింపు, లోపల సరుకు కంటే పై తొక్కే ఎక్కువనిపిస్తుంది. మా లెక్కల మీద జీజిప్ చేసినప్పుడు దక్కిన లాభం దాదాపు ఏమీ లేదు. డిక్షనరీ లేకుండా జెడ్‌స్టాండర్డ్ వాడినా పెద్ద తేడా రాలేదు. ఈ మాట దాచకుండా చెప్పాలి, లేకపోతే ఊరికే లైబ్రరీ మార్చి ఏమీ మారలేదని నిరాశపడతారు.

ఇద్దరు ఒకే ఊరి వాళ్లు మాట్లాడుకుంటుంటే "కాలవ అవతల పెద్దోరి చెరువు" అంటే చాలు, సర్వే నంబరు నుంచి చెప్పుకోనక్కర్లేదు. డిక్షనరీ చేసేది అదే. మన సందేశాల్లో తరచూ కనబడే ముక్కలన్నీ, అంటే ఫీల్డ్ పేర్లు, చెరువు కోడ్‌లు, తేదీ మొదటి భాగం, ముందే ఒక ఫైల్‌లో చేర్చి ఇటు బోర్డులోనూ అటు సర్వర్‌లోనూ పెట్టేస్తాం. సందేశం మొదటి బైట్ నుంచే "అక్కడ చూడు" అనడం కుదురుతుంది. అంతకంటే తెలివైన సంగతి, ఈ డిక్షనరీ లోపల ఇందాక చెప్పిన రకం పట్టికలు (హఫ్‌మన్, ఎఫ్‌ఎస్ఈ అంటారు) కూడా ముందే తయారై ఉంటాయి. సందేశంతో పాటు పట్టిక మోయాల్సిన పని తప్పుతుంది. జీజిప్ వెనకున్న పాత లైబ్రరీ జెడ్‌లిబ్‌లోనూ ముందే డిక్షనరీ ఇచ్చే వీలుంది. కానీ అందులో ఏం పెట్టాలో మనమే కూర్చుని ఏరుకోవాలి. జెడ్‌స్టాండర్డ్‌లో ట్రెయిన్ అనే ఆప్షన్‌కి నమూనా సందేశాలు చూపిస్తే చాలు, అదే ఏరుకుంటుంది. డిక్షనరీ పెట్టాక మా సందేశాలు మునుపటి సైజులో మూడో వంతుకు లోపే ఉంటున్నాయి.

ట్రెయినింగ్ దగ్గర శ్రద్ధ కావాలి. మామూలుగా వదిలేస్తే 110 కేబీ దాకా డిక్షనరీ తయారవుతుంది. మా చిన్న బోర్డుకు అంత అక్కర్లేదు, మ్యాక్స్‌డిక్ట్ ఆప్షన్‌తో బాగా తగ్గించాను. నమూనాల మొత్తం సైజు డిక్షనరీకి వంద రెట్లు ఉండాలని డాక్యుమెంటేషన్ చెబుతుంది. ఒక్కో సందేశం ఒక్కో ఫైల్‌గా ఇవ్వాలి, అన్నీ కలిపి ఒకే పెద్ద ఫైల్‌గా ఇస్తే అది ఒక్క నమూనాగానే లెక్క. అన్నిటికంటే ముఖ్యం నమూనాల రకం. వేసవిలో ఒక్క చెరువు లెక్కలతో ట్రెయిన్ చేస్తే శ్రావణంలో మబ్బు పట్టిన రోజు లెక్కలకు అది సగమే అక్కరకొస్తుంది. వానలకు ఉప్పదనం పడిపోయిన రోజులు, కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచిన రాత్రులు, సెన్సర్ మీద పాకుడు పట్టి తప్పుడు అంకెలొచ్చిన సందర్భాలు, ఇవన్నీ నమూనాల్లో ఉండాలి. అంతర్వేది వైపు చెరువుల నీరు, ఉండి వైపు చెరువుల నీరు ఒకటి కాదు. ఇంజనీరు పక్కన చెరువు తెలిసిన మనిషి కూర్చుని నమూనాలు ఏరాలని నా పట్టు.

చాలామంది గమనించని చిన్న సదుపాయం ఒకటుంది. ప్రతి డిక్షనరీకి ఒక నంబరు ఉంటుంది, కుదించిన ప్రతి సందేశంలో ఆ నంబరు రాస్తుంది. మామూలుగా అది నాలుగు బైట్లు. ట్రెయిన్ చేసేటప్పుడే 256 కంటే తక్కువ నంబరు మనం ఇస్తే ఒక్క బైట్‌తో సరిపోతుంది. సందేశం యాభై, అరవై బైట్లకు వచ్చాక మూడు బైట్లు ఊరికే మిగలడం మంచి లాభం. ఫార్మాట్ గుర్తు కోసం మొదట్లో ఉండే నాలుగు బైట్లను కూడా తీసేసే ప్రయోగాత్మక ఫార్మాట్ లైబ్రరీలో ఉంది. నేను దాని జోలికి పోలేదు. ఆ గుర్తు ఉంటే ఏ మామూలు సాధనంతోనైనా సందేశం తెరుచుకుంటుంది, అది నాకు నాలుగు బైట్ల కంటే విలువైనది.

ఇక హెచ్చరిక. డిక్షనరీ పోతే డేటా పోయినట్టే. దానితో కుదించిన సందేశాన్ని అది లేకుండా తెరవడం ఎవరి వల్లా కాదు. మా దగ్గర ప్రతి డిక్షనరీకి నంబరు, తేదీ రాసి మూడు వేర్వేరు చోట్ల దాచుతాం. పాతది ఒక్కటి కూడా చెరపం. బోర్డు ప్రోగ్రాంలో ఫీల్డ్ పేరు మారితే కొత్త డిక్షనరీ, కొత్త నంబరు. ఈ క్రమశిక్షణ లేని చోట నేనీ పద్ధతిని సిఫారసు చేయను.

బిల్డ్ సంగతి. లినక్స్ ప్యాకేజీలు దించే అప్ట్‌తో నేరుగా దొరికే లైబ్రరీ ఉండగా సోర్స్ నుంచి కట్టడం ఎందుకని మా ఆఫీసు కుర్రాడు అడిగాడు. కారణాలు రెండు. ఒకటి, గట్టు మీది బోర్డు కుదించడమే తప్ప విప్పదు. లిబ్ ఫోల్డర్‌లో మేక్ (సోర్స్‌ను బిల్డ్ చేసే కమాండ్) నడిపేటప్పుడు డీకంప్రెషన్‌కి, డిక్షనరీ బిల్డర్‌కి ఉన్న వేరియబుళ్లకు సున్నా ఇస్తే ఆ భాగాలు లైబ్రరీలోకి రావు. కావలసినంతే కోసుకోవచ్చన్నమాట. రెండోది నమ్మకం. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే మరో కంప్రెషన్ సాధనం 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే తేలింది. ఆ దొంగదారిని తెరిచే స్క్రిప్టు ముక్క విడుదల ప్యాకేజీలో ఉంది, సోర్స్ మార్పులు దాచే గిట్‌లో బయటికి కనిపించే సోర్స్‌లో లేదు. అప్పట్నుంచి కంప్రెషన్ లైబ్రరీ ఏదైనా గిట్‌లో విడుదల ట్యాగ్ నుంచే తీసుకుని నా చేత్తో కట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

జెడ్‌స్టాండర్డ్‌ను కట్టడం హాయిగా ఉంటుంది. మేక్ అని కొట్టడమే. లైబ్రరీ అంతా సీ భాషలో ఉంది, బయటి లైబ్రరీ ఏదీ అడగదు. సీమేక్, మీసన్ అనే వేరే బిల్డ్ సాధనాలు అలవాటున్నవాళ్లకు బిల్డ్ ఫోల్డర్‌లో అవీ ఉన్నాయి. బోర్డుకు కావలసిన క్రాస్ కంపైలర్ (మన కంప్యూటర్‌లో ఉండి బోర్డు కోసం ప్రోగ్రాం తయారుచేసేది) పేరును సీసీ వేరియబుల్‌లో ఇస్తే పని అయిపోతుంది. కట్టాక మేక్ చెక్ నడిపి చూసుకోవాలి. ఇన్‌స్టాల్ చేస్తే యూఎస్ఆర్ లోకల్‌లోకి వెళుతుంది కాబట్టి, సిస్టమ్‌తో వచ్చిన పాత వెర్షన్, మీరు కట్టిన కొత్త వెర్షన్ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ప్రోగ్రాం దేన్ని పట్టుకుందో ఒకసారి చూసుకోండి.

నచ్చనివి ఉన్నాయి. కమాండ్‌తో కుదిస్తే చివర చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో చూసే అంకె) దానంతటదే పడుతుంది, లైబ్రరీ ద్వారా కుదిస్తే మనం అడిగితేనే పడుతుంది. రెండూ ఒకే ప్రాజెక్టువే అయినప్పుడు ఈ తేడా ఎందుకో నాకు మింగుడు పడదు. 1.5.0 నుంచి డైనమిక్ లైబ్రరీలో మల్టీథ్రెడింగ్ (ఒకేసారి పలు దారాల్లో పనిచేయడం) ముందే ఉంటుంది, స్టాటిక్ లైబ్రరీలో ఉండదు, దానికి లిబ్ ఎమ్‌టీ అని వేరే టార్గెట్ అడగాలి. ఇవన్నీ రీడ్‌మీలో ఉన్నాయి, కానీ కొత్తవాళ్ల కంట పడే చోట లేవు. హెడర్ ఫైల్‌లోని వ్యాఖ్యలే అసలు మాన్యువల్. బాగా రాశారు, ఓపిగ్గా చదవాలి.

ఈ లైబ్రరీని ఇంకో పనికీ వాడతాను. గోదావరికి వరదొచ్చినప్పుడో, తుపాను గాలికి టవర్ ఆగిపోయినప్పుడో లెక్కలన్నీ బోర్డు కార్డులోనే పేరుకుంటాయి. అప్పుడు అన్నిటినీ ఒకే ఫైల్‌గా చేర్చి పంపిస్తాం. ఇక్కడ డిక్షనరీ అవసరం లేదు, ఫైలే తనకు తాను డిక్షనరీ. కుదింపు లెవెళ్లు 1 నుంచి 22 దాకా ఉన్నాయి, ఏమీ చెప్పకపోతే 3. 19 దాటాలంటే అల్ట్రా అని ప్రత్యేకంగా అడగాలి, అది చిన్న బోర్డు మెమరీ మోయలేని బరువు. నేను మధ్యలో ఆగుతాను. ఎంత ఎక్కువ లెవెల్‌లో కుదించినా విప్పే వేగం పెద్దగా మారదు, సర్వర్ వైపు అది సుఖం. జీజిప్‌లా అసలు ఫైల్‌ను చెరిపేయదు, మనం అడిగితేనే తీసేస్తుంది. ఎప్పుడు కరెంటు పోతుందో తెలియని చోట అది పెద్ద ధీమా. ఈ ఫైళ్లకు చెక్‌సమ్ తప్పనిసరిగా ఉంచండి.

రైతులు ఫోన్‌లో రాసే మేత, మందు వివరాలు తెలుగులోనే ఉంటాయి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు దేనికైనా మూడేసి బైట్లు. అందులో మొదటి బైట్ ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. ఊహించదగ్గది అంత ఎక్కువ కాబట్టి తెలుగు రాత ఎంత బరువున్నా బాగా కుదురుతుంది. చోటు ఆదా కోసం ఆ రాతల్ని ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చాలన్న సలహా మాకూ వచ్చింది. కుదించి చూపించాక ఆ చర్చ ముగిసింది. రైతు తన భాషలో రాసుకోవడానికి బైట్లు అడ్డు రాకూడదు.

సర్వర్ వైపు పైథాన్ వాడేవాళ్లకు 3.14 నుంచి జెడ్‌స్టాండర్డ్ భాషతోనే వస్తోంది, బయటి ప్యాకేజీ వెతుక్కోనక్కర్లేదు. డిక్షనరీలూ అందులో పనిచేస్తాయి.

బోర్డుల్లో ప్రోగ్రాం మార్చాల్సి వస్తే ప్యాచ్ ఫ్రమ్ ఆప్షన్ చూడండి. పాత ఫైల్‌ను చూపించి కొత్త ఫైల్‌ను కుదిస్తే తేడా మాత్రమే మిగులుతుంది. నరసాపురం అవతలి చెరువులకు మేం అప్‌డేట్లు అలాగే పంపుతున్నాం. పాత ఫైల్ బోర్డులో ఒక్క బైట్ కూడా మారకుండా ఉండాలి, అందుకే పంపే ముందు దాని హాష్ (ఫైల్ మారితే మారిపోయే గుర్తు అంకె) అడిగి సరిచూసుకుంటాం.