కార్తీకంలో వేటమాంసానికి బదులు: మీల్‌మేకర్, ఫ్రోజెన్ కబాబులు వండి చూశాక

కార్తీక మాసం నెల రోజులూ మా ఇంట్లో నీచు ముట్టరు. మిగిలిన రోజుల్లో ఆదివారం వేటమాంసం, వారం మధ్యలో చేపల పులుసు లేనిదే గడవని నెల్లూరు ఇల్లు కనుక, పిల్లల గోల పడలేక ఈసారి మాంసానికి బదులుగా అమ్ముతున్న సరుకులు రెండు తెచ్చి, నెలంతా మార్చి మార్చి వండాను. ఒకటి స్టోన్‌హౌస్‌పేట పచారీ కొట్లో విడిగా తూచి ఇచ్చే మీల్‌మేకర్, రెండవది సూపర్‌మార్కెట్ ఫ్రీజర్‌లో దొరికే సోయా కబాబుల ప్యాకెట్.

మీల్‌మేకర్ అంటే చిన్నచూపు ఉన్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. పెళ్లిళ్ల బిరియానీలో రబ్బరు ముక్కల్లా తగిలే ఆ ఉండలను పళ్లెం అంచుకు నెట్టేసేదాన్ని. తప్పు సరుకుది కాదని, నానబెట్టే తీరుదని ఇప్పుడు తెలిసింది. సోయా గింజల నుంచి నూనె తీయగా మిగిలిన పిండిని తడిపి, వేడి మీద గట్టి ఒత్తిడితో యంత్రంలోంచి నెడితే, బయటికి వచ్చీ రాగానే లోపలి తేమ ఆవిరై పొంగి, గుల్లబారి పోగులు పోగులుగా తయారయ్యేదే మీల్‌మేకర్. గుల్లగా ఉంటుంది కనుక మొదట ఏ నీళ్లలో పడితే ఆ నీళ్లనే కడుపు నిండా పీల్చుకుంటుంది, ఆ తరువాత ఎంత మసాలా వేసినా లోపలికి చోటుండదు.

అందుకని ఉప్పు, పసుపు వేసిన వేడి నీళ్లలో పావుగంట నానబెట్టి, రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా పిండాలి. మొదటిసారి పిండినప్పుడు పసుపుపచ్చని నురగ నీళ్లు కారుతాయి, పచ్చి చిక్కుడు గింజల వాసన వస్తుంది. చన్నీళ్లు మార్చి మరి రెండుసార్లు పిండితే ఆ వాసన చాలావరకు పోతుంది. అప్పుడు పెరుగు, మిరప్పొడి, ధనియాల పొడి, అల్లం కలిపి అరగంట పక్కన పెడితే మసాలా లోపలి పోగు దాకా దిగుతుంది. వేటమాంసం తన రసాన్ని, కొవ్వును పులుసుకు ఇస్తుంది, మీల్‌మేకర్ ఉన్న పులుసునే తాగేస్తుంది. దీనిలో కొవ్వు దాదాపు లేదు కాబట్టి కొబ్బరి, గసగసాల ముద్ద మామూలు కంటే రెండింతలు వేసి, నూనె విషయంలో కొంచెం ఉదారంగా ఉండక తప్పదు. కుక్కర్‌లో పెట్టవద్దు. ఎక్కువ ఉడికితే మాంసంలా మెత్తబడదు, చీకిపోతుంది. పది నిమిషాలు చాలు.

కొనేటప్పుడు ఒక ఉండను విరిచి చూడండి. లోపల పోగులు కనిపించాలి, పొడిగా రాలితే వద్దు. ముదురు రంగుకు తిరిగినా, ముక్కిపోయిన వాసన వచ్చినా పాత సరుకే. ప్యాకెట్ల మీద వంద గ్రాములకు 52 గ్రాముల మాంసకృత్తులని రాసి ఉంటుంది. అది పొడి బరువు లెక్క. నానితే బరువు సుమారు మూడింతలవుతుంది గనుక, వండిన వంద గ్రాముల కూరలో పదిహేను, పదిహేడు గ్రాములకు మించి ఆశించకూడదు. సన్నపు రవ్వ రకం మాకు ఇంకా నచ్చింది. దానితో చేసిన ఖీమాను కారం దోసె మీద పరిచి కాలిస్తే, మా చిన్నవాడు అది ఖీమా కాదని రెండో దోసె దాకా కనిపెట్టలేదు.

ఫ్రోజెన్ కబాబుల సంగతి వేరు. అదే బరువు చికెన్ కంటే ధర ఎక్కువ, ఉప్పు కూడా మన నోటికి ఎక్కువే. పెనం మీద నుంచి తీసిన వెంటనే తింటే మాత్రం, నిజం చెప్పాలంటే, మీల్‌మేకర్ కంటే మాంసానికి దగ్గరగా ఉన్నాయి. కానీ మధ్యాహ్నం క్యారియర్‌లో పెట్టి పంపితే ముద్దయిపోయి తిరిగి వచ్చాయి. కారణం ప్యాకెట్ వెనకే ఉంది. ముక్కను పట్టి ఉంచేందుకు వాడే మిథైల్ సెల్యులోజ్ వేడిలో గట్టిపడి, చల్లారితే మళ్లీ వదులవుతుంది. ఒకసారి తెచ్చిన ప్యాకెట్లోనైతే లోపల మంచు పలుకులు కట్టి, కబాబులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. కరిగినదాన్నే మళ్లీ గడ్డకట్టించారన్నమాట. దుకాణంవాళ్లు మార్చి ఇవ్వలేదు.

అసలు చిక్కు మా అత్తగారి దగ్గర వచ్చింది. కబాబుల ప్యాకెట్ వెనక ఉన్న పదార్థాల వరుస నాతో చదివించుకుని, తెల్లగడ్డ పొడి అని వినగానే ఆ ప్యాకెట్‌ను పొయ్యి దరికి రానివ్వలేదు. కార్తీకంలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ కూడా మానే ఇళ్లవాళ్లు శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చుక్క చూసి ఊరుకోకుండా ఆ వరుస చదవడం మంచిది. పాలు కూడా వద్దనుకునేవారికి ఆ చుక్క సరిపోదు, 2022 నాటి నిబంధనల ప్రకారం వీగన్ ముద్ర వేరే ఉంటుంది.

చేపల పులుసుకు మాత్రం ఈ రెండూ పనికిరావు. మనం పప్పులో వేసుకునే అరటిపువ్వును ఇంగ్లండులో పిండిలో ముంచి వేయించి చేపకు బదులుగా తింటారు గానీ, పులుసులో అది పీచు పీచుగా విడిపోయింది. చివరికి అరటికాయను మందపు చక్రాలుగా కోసి, నూనెలో పైపైన వేయించి, చింతపండు, మెంతిపిండి, పుల్ల మామిడికాయ ముక్కలతో మట్టిచట్టిలో కాచి, రాత్రంతా అలాగే మూతపెట్టి ఉంచాను. మర్నాడు పొద్దున ఇడ్లీలోకి అదే కావాలన్నారు, కబాబులు ఇంకా నాలుగు ఫ్రీజర్‌లోనే ఉన్నాయి.