తుఫాను బ్యాగు: కుక్క, పిల్లి ఉన్న ఇంట్లో ఏళ్ల తరబడి వాడాక

మాది ఒడిశాలోని గంజాం జిల్లా, గోపాల్‌పూర్ దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను ఇక్కడే తీరం దాటింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక బ్యాగు సర్దే ఉంటుంది. 2018లో తిత్లీకి, 2021లో గులాబ్‌కి దాన్నే తగిలించుకుని బయల్దేరాం.

వీపుకు తగిలించుకునే బ్యాగే కొనండి. ఒక చేతిలో పిల్లి బుట్ట, ఇంకో చేతిలో కుక్క తాడు ఉంటే చక్రాల సూట్‌కేసు ఎవరు లాగుతారు? బరువు కూడా ఆ లెక్కనే చూసుకోవాలి. అన్నిటికంటే బరువు నీళ్లే. పది కిలోల కుక్కకే రోజుకు అర లీటరు పైన కావాలి. అందుకే రెండు సీసాలు, నీళ్లు శుద్ధి చేసుకునే క్లోరిన్ బిళ్లలు పెడతాను.

పెట్టిన డబ్బుకు బాగా పనికొచ్చింది పిల్లి బుట్ట. గట్టి ప్లాస్టిక్‌ది తీసుకోండి, గుడ్డవి గోళ్లకు చిరిగిపోతాయి. మేం దాన్ని ఏడాది పొడుగునా హాల్లోనే తలుపు తీసి, లోపల పాత చీర వేసి ఉంచుతాం. పిల్లి మధ్యాహ్నం నిద్ర అందులోనే. అలా అలవాటయింది కాబట్టి, మైకులో ఊరు ఖాళీ చేయమన్నాక పిల్లి కోసం మంచాల కింద వెతికే టెన్షన్ మాకు లేదు. కుక్కకు మెడపట్టీ చాలదు, ఛాతీ చుట్టూ బిగించే పట్టీ, అదే హార్నెస్ వేయాలి. గాలి హోరుకు బెదిరి వెనక్కి గుంజితే పట్టీలోంచి తల జారిపోతుంది.

మందులు మాత్రం రెండు వేరు డబ్బాల్లో పెట్టండి. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ పిల్లికి విషం, ఒక్క బిళ్లకే ప్రాణం పోవచ్చు. తుఫాను షెల్టర్‌లో పెట్టే కిచిడీలో ఉల్లి, వెల్లుల్లి ఉంటే అదీ వీటికి పెట్టకూడదు, రక్తం దెబ్బతింటుంది. మూడు రోజులకు సరిపడా వాటి తిండి మనమే తీసుకెళ్లాలి. మా ఉప్పుగాలి తేమకు అది త్వరగా ముక్కిపోతుంది కాబట్టి ఎండలు ముదరకముందు ఒకసారి, దసరా ముందు ఒకసారి మార్చేస్తాను. పవర్ బ్యాంకు ఛార్జింగ్ కూడా అప్పుడే.

ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లతో పాటు రేబీస్ టీకా పుస్తకం ప్లాస్టిక్ కవరులో ఉండాలి. మేం వెళ్లిన చోట జంతువులకు కుదరదన్నారు. ఆ పుస్తకం, బిగించిన బుట్ట చూపించాకే వరండాలో చోటిచ్చారు. మీ దగ్గరి షెల్టర్‌లో రానిస్తారో లేదో ముందే అడిగి పెట్టుకోండి. తీసుకెళ్లే దారే లేకపోతే కనీసం కట్లు విప్పేయండి. కట్టేసిన గొలుసుతో నీళ్లలో వదలడం కంటే ఘోరం లేదు.

బ్యాగులో నాకు నచ్చనిది జిప్పు. ఇనుపది తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, కొవ్వొత్తి రుద్దుతూ నెట్టుకొస్తున్నాను. కొత్తగా కొనేవాళ్లు ప్లాస్టిక్ జిప్పుదే చూసుకోండి.