ఆసుస్ ప్రోఆర్ట్ పీఏ248క్యూవీ ఫొటో ఎడిటింగ్‌కి చాలుతుందా? కలరీమీటర్‌తో కలిపి వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. ల్యాబ్‌కి ఆల్బమ్ షీట్లు పంపేవాళ్లకీ, ఫొటోలు చివరికి వాట్సాప్‌లోనో ఇన్‌స్టాలోనో తేలేవాళ్లకీ ఈ మానిటర్ చాలు. షరతు ఒకటే: దీంతోపాటు కలరీమీటర్ (తెరకి ఆనించి రంగు, వెలుగు కొలిచే పరికరం) కొనాలి, లేదా అరువైనా తెచ్చుకోవాలి. రెండింటికీ డబ్బు సరిపోదనుకుంటే మానిటర్‌లోనే ఓ మెట్టు దిగండి. ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ఎల్‌సీడీ రకం) అయి, ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌కి మామూలుగా వాడే రంగుల పరిధి) నిండుగా చూపించేది ఏదైనా నడుస్తుంది. కలరీమీటర్ మాత్రం మానొద్దు.

డబ్బాలో ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్ కాగితం వస్తుంది, డెల్టా ఈ (చూపాల్సిన రంగుకీ తెర చూపిన రంగుకీ తేడా) 2 లోపు అని. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ కొలత ఫ్యాక్టరీలో, ఆ రోజు తీసింది. మీ గదిలో, మీరు పెట్టుకునే బ్రైట్‌నెస్‌లో, ఏడాది గడిచాక ప్యానెల్ ఎలా ఉంటుందో ఆ కాగితానికేం తెలుసు? బ్యాక్‌లైట్ ఎల్‌ఈడీలు వాడేకొద్దీ వెలుగు తగ్గుతాయి, తెలుపు కొద్దికొద్దిగా పక్కకి జరుగుతుంది. కన్ను రోజూ దానికి అలవాటు పడిపోతుంది కాబట్టి చూసేవాడికి తేడా తెలియదు.

తెర 24.1 అంగుళాలు, 1920×1200. మామూలు 1080 తెర కన్నా నిలువులో 120 పిక్సెళ్లు ఎక్కువ కావడంతో లైట్‌రూమ్‌లో ఫిల్మ్‌స్ట్రిప్ తెరిచి ఉంచినా ఫొటో ఇరుకైపోదు. స్టాండ్ మీదే నిలువుగా తిప్పుకోవచ్చు. అంగుళానికి 94 పిక్సెళ్లే కాబట్టి అక్షరాల అంచులు ఫోన్‌లో ఉన్నంత నునుపుగా ఉండవు. రీటచింగ్‌కి నిజానికి అదే మేలు, 100 శాతం జూమ్‌లో షార్పెనింగ్ ఎక్కువైతే వెంట్రుకల చుట్టూ తెల్లగీత ఇట్టే పట్టుబడుతుంది. యూఎస్‌బీ-సీ లేదు. వీజీఏ ఉంది గానీ దాని జోలికి పోవద్దు. స్పీకర్ల ఊసు అనవసరం. చీకటి గదిలో నల్లటి తెర మూలల్లో తేలే వెలుగు ఈ ధరలో ఐపీఎస్‌లన్నింటికీ ఉండేదే. కాంట్రాస్ట్ 1000:1 దగ్గరే ఆగుతుంది కాబట్టి రాత్రి ఫొటోల్లో నీడల లోతు తేల్చడానికి తెరని నమ్మకండి, హిస్టోగ్రామ్ (వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూసుకోండి.

ఇక అసలు సంగతి. దీనికి ఎస్‌ఆర్‌జీబీ వరకే వచ్చు, అంతకన్నా పెద్ద పరిధైన అడోబ్ ఆర్‌జీబీ రాదు. ఈ మాట వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. మన ఆల్బమ్ ల్యాబులు మామూలుగా అడిగేది ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్, 300 డీపీఐ. అలాంటప్పుడు పెద్ద గామట్ (రంగుల పరిధి) తెర వల్ల మేలు కన్నా తిప్పలే ఎక్కువ.

పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర మీద ఫ్లాష్ పడిన ఫొటో ఒకటి తెరవండి. లైట్‌రూమ్ డెవలప్‌లో ఎస్ నొక్కి సాఫ్ట్ ప్రూఫింగ్ (ఎంచుకున్న ప్రొఫైల్‌కి మార్చాక ఫొటో ఎలా ఉంటుందో ముందే చూపేది) ఆన్ చేసి, ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీ పెట్టాకే హిస్టోగ్రామ్ చూడండి. మామూలుగా అక్కడ కనిపించేది ప్రోఫొటో అంత పెద్ద రంగుల పరిధిది, అందులో అన్నీ క్షేమంగానే కనిపిస్తాయి. ప్రూఫింగ్ పెట్టగానే ఎరుపు చానల్ కుడి అంచుకి అతుక్కుంటుంది. జరీ అంచు బాగానే ఉంటుంది, దాని పక్క కుచ్చిళ్ల మడతలు మాత్రం కలిసిపోయి ఎర్రటి ముద్దవుతాయి. బంతిపూల దండలోనూ ఇదే జరుగుతుంది, రేకులు విడిగా కనిపించవు. వైడ్ గామట్ తెర మీద ఆ మడతలు విడివిడిగా కనిపించి మురిపిస్తాయి, ఎస్‌ఆర్‌జీబీకి మార్చి ల్యాబ్‌కి పంపాక మాయమవుతాయి. ఈ తెర మీద ఆ నష్టం ముందే కనిపిస్తుంది. రా ఫైల్‌లో వివరం మిగిలి ఉంటే ఒక్కో రంగుని విడిగా సరిచేసే హెచ్‌ఎస్‌ఎల్‌లో ఎరుపు శాచురేషన్ 10–15 తగ్గించి, ల్యూమినెన్స్ కొంచెం దించితే మడతలు తిరిగొస్తాయి.

వైడ్ గామట్‌తో ఇంకో చిక్కు ఉంది. కలర్ మేనేజ్‌మెంట్ (ఫైల్ రంగుల్ని తెరకి తగ్గట్టు మార్చే ఏర్పాటు) లేని సాఫ్ట్‌వేర్‌లో ఆ తెర మీద మొహాలు కందిపోయినట్టు కనిపిస్తాయి. అది చూసి ఎడిటర్ శాచురేషన్ తగ్గిస్తాడు, అదే ఫొటో కస్టమర్ ఫోన్‌లో పాలిపోయి ఉంటుంది.

క్యాలిబ్రేషన్‌కి నేను వాడేది ఎక్స్‌రైట్ ఐ1డిస్‌ప్లే ప్రో. ఇప్పుడా వరుస కాలిబ్రైట్ పేరుతో వస్తోంది. స్పైడర్‌ఎక్స్ కూడా పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ డిస్‌ప్లేకాల్, ఉచితం. అసలు వెర్షన్ 2019తో ఆగిపోయింది, పైథాన్ 3 మీద నడిచే కొత్త శాఖని (వేరేవాళ్లు కొనసాగిస్తున్న వెర్షన్‌ని) వేసుకోండి. విండోస్‌లో స్పైడర్‌కి ఆర్గిల్ (డిస్‌ప్లేకాల్ లోపల కొలతలు తీసే ప్రోగ్రామ్) డ్రైవర్ విడిగా వేయాలి, వేశాక దాని సొంత సాఫ్ట్‌వేర్‌కి పరికరం కనిపించకపోవచ్చు. ఐ1కి ఆ బాధ లేదు.

మొదలుపెట్టే ముందు తెర అరగంట వెలిగి ఉండాలి. డైనమిక్ కాంట్రాస్ట్, బ్లూ లైట్ ఫిల్టర్, పవర్ సేవింగ్, విండోస్ నైట్ లైట్, అన్నీ ఆపేయండి. హెచ్‌డీఎంఐలో కలిపితే గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల్లో ఔట్‌పుట్ రేంజ్ ఫుల్ అని ఉందో లేదో చూడండి. టీవీలా 16–235 పంపుతుంటే నలుపు బూడిదరంగులోకి తిరుగుతుంది, దాని మీద ఎంత క్యాలిబ్రేట్ చేసినా దండగే. డిస్‌ప్లేపోర్ట్ వాడితే ఈ గొడవ తక్కువ.

మానిటర్‌ని యూజర్ మోడ్‌లో పెట్టి కాంట్రాస్ట్‌ని ముట్టుకోకండి. లక్ష్యాలు: తెలుపు 6500 కెల్విన్, గామా (మధ్య టోన్లు ఎంత వెలుగుగా ఉండాలో తేల్చే అంకె) 2.2, వెలుగు 100 నిట్లు (తెర వెలుగు కొలమానం), నలుపు నేటివ్ (తెరకి సహజంగా ఉన్నంత). కరెక్షన్ (తెర బ్యాక్‌లైట్ రకానికి తగ్గ సవరణ) జాబితాలో వైట్ ఎల్‌ఈడీ ఎంచుకోండి. అది తప్పుగా ఎంచుకుంటే అంకెలన్నీ సరిగ్గా వచ్చినట్టే ఉండి తెలుపు మాత్రం పక్కకి పోతుంది. తెరని కొంచెం వెనక్కి వాల్చి, సెన్సర్ మధ్యలో చదునుగా ఆనేలా వేలాడదీసి, గదిలో లైటు తీసేయండి. తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బార్లు కనిపిస్తాయి. ఎక్కువగా ఉన్న రంగు గెయిన్ (మానిటర్ మెనూలో ఆ రంగు మోతాదు) తగ్గిస్తూ మూడింటినీ మధ్యకి తేవాలి, తక్కువగా ఉన్నదాన్ని పెంచకూడదు. గెయిన్ మార్చితే వెలుగు కూడా మారుతుంది కాబట్టి బ్రైట్‌నెస్ మళ్లీ సరిచేయాలి, అలా రెండు మూడు విడతలు. ఈ దశలో బద్ధకిస్తే మిగిలిన భారమంతా గ్రాఫిక్స్ కార్డు కర్వు (అక్కడ వేసే రంగుల సవరణ) మీద పడి, ఆకాశం గ్రేడియంట్లలో చారలు వస్తాయి.

ప్రొఫైల్ (మీ తెర రంగుల్ని ఎలా చూపుతుందో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే ఫైల్) రకం సింగిల్ కర్వ్ ప్లస్ మ్యాట్రిక్స్, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్‌తో. లట్ (పెద్ద పట్టిక రకం) ప్రొఫైల్ కాగితం మీద ఇంకా కచ్చితం గానీ కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని సరిగా చదవలేక నీడలకి రంగు పూస్తాయి. అంతా అయ్యాక వెరిఫికేషన్ నడపండి. సగటు డెల్టా ఈ 1 లోపు, గరిష్ఠం 3 లోపు వస్తే ఇక ఆపేయొచ్చు. దశాంశాల వెంట పడి రాత్రంతా కూర్చోవడం ఒక జబ్బు.

తర్వాత జరిగే పొరపాట్లలో ఎక్కువ కనిపించేది రెండు లోడర్లు (కంప్యూటర్ తెరవగానే కర్వుని ఎక్కించే ప్రోగ్రాములు) ఒకేసారి స్టార్టప్‌లో ఉండటం. కలరీమీటర్ కంపెనీది ఒకటి, డిస్‌ప్లేకాల్‌ది ఒకటి, ఎవరు చివర వస్తే వాళ్ల కర్వు. ఒకదాన్ని తీసేయండి. స్లీప్ నుంచి లేచాక తెర రంగు తేడాగా అనిపిస్తే కర్వు జారిపోయినట్టే, లోడర్‌లో రీలోడ్ నొక్కండి. రెండు మూడు నెలలకోసారి మొత్తం మళ్లీ చేయాలి.

ప్రింట్లు నల్లగా వస్తున్నాయంటే నూటికి తొంభై సార్లు తప్పు తెర వెలుగుదే. ఇది గరిష్ఠంగా 300 నిట్లు ఇస్తుంది. ఆ వెలుగులో ఎడిట్ చేస్తే మొహాలు సరిపడా ఉన్నాయనిపించి ఎక్స్‌పోజర్ తక్కువగా వదిలేస్తాం. గదిని బట్టి 80 నుంచి 120 నిట్ల మధ్య ఉంచండి. మొదటి రెండు రోజులు తెర మసకగా అనిపిస్తుంది, భరించండి. వెనక గోడ చిలకాకుపచ్చో గులాబీయో అయితే ఆ రంగు కంటిని ఏమారుస్తుంది, కనీసం తెర చుట్టూ కనిపించేంత మేర బూడిదరంగో తెలుపో వేయించండి.

ల్యాబ్‌కి ఆల్బమ్ పంపే ముందు ఒక్క 8×12 టెస్ట్ ప్రింట్ తీయించండి. అందులో గ్రే కార్డు, చామనఛాయ మొహం ఒకటి, ఎర్ర చీర ఒకటి ఉండాలి. ఆటో కరెక్షన్ వద్దని ఆర్డర్ మీద రాయించండి. రాయకపోతే ఆపరేటరో మిషనో డెన్సిటీ మార్చేస్తుంది, ఇక ఆ ప్రింటుని తెరతో పోల్చి లాభం లేదు.

కలరీమీటర్ ఖర్చు ఒక్కరే భరించనక్కర్లేదు. ఒక మానిటర్‌కి నెలల తరబడి దాని అవసరం రాదు కాబట్టి ఊళ్లో నలుగురు ఫొటోగ్రాఫర్లు కలిసి కొనుక్కుని తిప్పుకోవచ్చు. కోస్తా జిల్లాల్లో ఉండేవాళ్లు సిలికా జెల్ పొట్లంతో గాలి చొరబడని డబ్బాలో దాచండి, లెన్సుకి పట్టినట్టే దీనికీ ఫంగస్ పట్టొచ్చు.