31 అంగుళాల టైర్లకి 4.27 క్రౌన్: కోనసీమ రోడ్ల మీద నా డీఐ జీపు

పాత మహీంద్రా జీపుకి 31 అంగుళాల టైర్లు వేసుకుని హైవే మీద ఎక్కువగా తిరిగేవాళ్ళకి 4.27 రేషియో క్రౌన్ పినియన్ (యాక్సిల్‌లో ఇంజిన్ తిప్పుడుని చక్రాలకి అందించే పెద్ద, చిన్న పళ్ళ చక్రాల జత) సరిగ్గా సరిపోతుంది. కొన్నేళ్ళుగా అదే నడుపుతున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను. కాకపోతే ఈ మాట డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) డీజిల్ ఇంజిన్ గురించి, మన డెల్టాలాంటి చదును నేల గురించి. ఘాట్ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్ళ లెక్క వేరు.

నాది సీజే మోడల్, ఫోర్ వీల్ డ్రైవ్, 2523 సీసీ డీఐ డీజిల్. ఈ ఇంజిన్‌కి 3,200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర దమ్ము అయిపోతుంది. అసలు లాగుడంతా 1,500 చుట్టుపక్కల ఉంటుంది. పాత యాక్సిల్‌లో క్రౌన్‌కి 43 పళ్ళు, పినియన్‌కి 8. అంటే గేర్‌బాక్సు వైపు నుంచి యాక్సిల్‌కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 28 అంగుళాల 6.00-16 టైర్లు ఉన్నప్పుడు టాప్ గేర్లో 80 స్పీడుకి ఇంజిన్ ఆ 3,200 దగ్గరే ఉండేది. రావులపాలెంలో హైవే ఎక్కి సిద్ధాంతం వంతెన దాటి తణుకు చేరేసరికి చెవులు గింగుర్లెత్తేవి. పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడాలంటే అరవాల్సిందే.

ముందు టైర్లు మార్చాను. పెద్ద టైరు వేయడమంటే సగం గేరు రేషియో మార్చినట్టే. 5.38ని 28తో గుణించి 31తో భాగిస్తే 4.86 వస్తుంది. అంటే యాక్సిల్ ముట్టుకోకుండానే 4.88 క్రౌన్ వేసుకున్నంత ఫలితం. 80 దగ్గర ఆర్‌పీఎం 2,900కి దిగింది. తేడా తెలిసింది గానీ హైవేకి అది చాలదు.

అప్పుడు క్రౌన్ గురించి వాదన మొదలైంది. మెకానిక్ "3.73 వేసేద్దామండి, బండి కారులా పోద్ది" అన్నాడు. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. 31 టైరుతో 3.73 అయితే 80 దగ్గర 2,000 మాత్రమే, వినడానికి బాగుంది. కానీ మనం రోజంతా 80లో పోతామా? 216 హైవే మీద అమలాపురం నుంచి రాజోలు వైపు వెళ్తే ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, ఆటోలు, వడ్ల ట్రాక్టర్లు. 50 దాటితే గొప్ప. 3.73తో 50 దగ్గర ఇంజిన్ 1,250కి పడిపోతుంది, టాప్‌లో గునుస్తుంది, అస్తమానం థర్డ్‌కి రావాలి. 4.27తో అదే 50కి 1,440 వస్తుంది, అంటే లాగుడు ఉన్న చోటే. 80కి 2,300. రెండు రోడ్లకీ పనికొచ్చేది అదే. ఆయన కాగితం రెండుసార్లు చూసి "సరేనండి, మీరన్నట్టే చేద్దాం" అన్నాడు.

బిగించే పని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే క్రౌన్ మంచిదైనా బిగింపు బాగోకపోతే డబ్బులు నీళ్ళలో పోసినట్టే. క్రౌన్, పినియన్ ఎప్పుడూ జతగా కొనాలి, ఒకదానితో ఒకటి రుద్ది తయారు చేసినవి కాబట్టి. బేరింగులు, సీళ్ళు కొత్తవే వేయించండి. పళ్ళ మధ్య ప్లే డయల్ గేజ్‌తో చూడాలి, చేత్తో ఊపి చూసి సరిపెట్టకూడదు. నా బండికి 0.2 మిల్లీమీటర్ల దగ్గర పెట్టించాను. తర్వాత పళ్ళకి రంగు పూసి క్రౌన్ తిప్పితే పినియన్ ఎక్కడ ఆనుతోందో అచ్చు పడుతుంది. మొదటిసారి ఆ అచ్చు పంటి మొదట్లోకి దిగిపోయింది. మెకానిక్ మళ్ళీ పినియన్ ఊడదీసి, షిమ్ (సర్దుబాటుకి వేసే పల్చటి రేకు) మార్చి, అచ్చు పంటి మధ్యకి వచ్చాకే కవర్ మూశాడు. ఆ ఓపిక ఉన్న మనిషి దొరికితే వదలకండి. ఇప్పటిదాకా యాక్సిల్ నుంచి కూత అన్నది లేదు. మొదట్లో పాతిక కిలోమీటర్లు మెల్లగా నడిపి చల్లారనిచ్చాను. 800 దాటాక ఆయిల్ మార్పించాను. 80డబ్ల్యూ-90, జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోస్తున్నాను.

ఇక రోడ్డు మీద. 80లో ఇప్పుడు మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. డెల్టాలో ఎక్కుడు అంటే వంతెనల అప్రోచ్‌లు, లాకుల దగ్గర కాలవ వంతెనలు, అంతే. చించినాడ వంతెన నలుగురితో, వెనక కొబ్బరికాయల బస్తాలతో టాప్‌లోనే ఎక్కుతుంది. యానాం-ఎదుర్లంక వంతెన మీద సముద్రపు గాలి ఎదురు కొట్టిన రోజు మాత్రం థర్డ్‌కి రావాలి. మారేడుమిల్లి ఘాట్‌లో అయితే సెకండ్, థర్డ్‌లతోనే సరి, అక్కడ 5.38 హాయిగా ఉండేది. వానాకాలం తోటల్లో బురదకి ఫస్ట్ గేర్ ముందుకన్నా తొందరగా పరిగెడుతుంది, లో రేంజ్ (ఫోర్ వీల్ బండిలో ఉండే అదనపు నెమ్మది గేరు) వేసుకుంటే ఆ లోటు తీరుతుంది.

స్పీడోమీటరు సంగతి చాలామంది చెప్పరు. దానికి కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిల్‌లకి తిప్పుడు పంచే పెట్టె) నుంచి వస్తుంది, అంటే క్రౌన్ కన్నా ముందు నుంచి. టైరు, క్రౌన్ రెండూ మారేసరికి అసలు 80లో పోతుంటే ముల్లు 57 చూపిస్తుంది. ఫోన్‌లో జీపీఎస్ చూసుకోకపోతే ప్రమాదం. మైలేజీ కూడా అంతే. నాకు నిజంగా లీటరుకి 10 నుంచి పన్నెండున్నరకి పెరిగింది, మీటరు నమ్మితే 9కి పడిపోయిందనిపిస్తుంది. మీటరు కిలోమీటర్లని 1.4తో గుణించండి.

బ్రేకుల దగ్గర రాజీ పడొద్దు. నాలుగూ డ్రమ్ములే, టైరు బరువు పెరిగింది, బండి ఆగడానికి ముందుకన్నా ఎక్కువ దూరం పడుతుంది. లైనర్లు కొత్తవి వేయించాకే హైవే ఎక్కాను. పవర్ స్టీరింగ్ లేని బండిని అంబాజీపేట సంతలో తిప్పాలంటే భుజాలు లాగేస్తాయి, అది ఈ టైర్లతో తప్పదు.

ఖర్చు తగ్గుతుందని వెనక క్రౌన్ ఒక్కటే మార్పించుకునేవాళ్ళున్నారు. ఫోర్ వీల్ ఉన్న బండికి ముందు, వెనక ఒకే రేషియో ఉండాలి. లేకపోతే ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి రెండు యాక్సిల్‌లూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, గట్టి రోడ్డు మీద ట్రాన్స్‌ఫర్ కేసో జాయింటో విరుగుతుంది. ముందుదానికి డబ్బు సమకూరేదాకా ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి ఇంట్లో పెట్టండి, ఫోర్ వీల్ లివర్ ఎవరైనా పొరపాటున వేసినా నష్టం లేకుండా.