విషం వదిలింది విదేశీ కంపెనీ అయితే కేసు ఎక్కడ వేయాలి? ఏది మేలు?

పటాన్‌చెరు దగ్గర మా చిన్నమ్మ వాళ్ల బోరు నీళ్లు స్టీలు బిందెలో పట్టి రాత్రంతా ఉంచితే, తెల్లారేసరికి పైన తెట్టులాంటి పొర కడుతుంది, బిందె అంచు చుట్టూ పసుప్పచ్చ గీత పడుతుంది. పక్కనే ఉన్న ఫ్యాక్టరీ పేరు ఇక్కడ రాయను. "దాని ఓనర్లు వేరే దేశమోళ్లంట కదరా, మరి కేసు ఈడ వెయ్యాల్నా, ఆడనా?" అని చిన్నమ్మ అడిగింది. నాలుగు రోజులు అదే ఆలోచించాను.

చాలామంది "వాళ్ల దేశం కోర్టులోనే పట్టుకోవాలి, అక్కడైతే కోట్లు వస్తాయి" అంటారు. భోపాల్ సంగతి గుర్తు చేసుకోండి. 1984 డిసెంబరులో అమెరికా కంపెనీ యూనియన్ కార్బైడ్ వాళ్ల ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైతే మన ప్రభుత్వం న్యూయార్క్ వెళ్లి కేసు వేసింది, 1986లో అక్కడి జడ్జి "ఇది ఇండియాలో తేల్చుకోవాల్సిన విషయం" అని వెనక్కి పంపేశాడు. చివరికి 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ అయ్యింది, అది సరిపోలేదు ఇంకా ఇప్పించండని కేంద్రం అడిగితే 2023లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అన్యాయమే, ఇప్పటికీ కడుపు మండుతుంది. కాలం కొంచెం మారిందన్నదీ నిజమే, జాంబియాలో రాగి గని కాలుష్యంతో నష్టపోయిన ఊళ్లవాళ్లు లండన్‌లోని వేదాంత మాతృసంస్థ మీద అక్కడే కేసు నడుపుకోవచ్చని 2019లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ అది విచారణకు తలుపు తెరవడం మాత్రమే, అక్కడిదాకా వెళ్లడానికే ఏళ్లు పట్టింది.

ఇంకో దారి అంతర్జాతీయ ఒప్పందాలు. చమురు ఓడల విషయంలో ఇది బాగా పనిచేస్తుంది: తప్పెవరిదని వాదించుకోకుండానే ఓడ యజమాని తీసుకున్న బీమా నుంచి పరిహారం వస్తుంది, చాలకపోతే చమురు దిగుమతిదారులు డబ్బు వేసిన నిధి కడుతుంది. పరిహారానికి పరిమితి ఉంటుంది కానీ డబ్బు ముందే సిద్ధంగా ఉంటుంది, నాకు నచ్చేది అదే. మిగతా రసాయనాల దగ్గరికొస్తే మాత్రం చేతికేమీ దొరకదు. ఓడల్లో వెళ్లే రసాయనాలకు 1996లో రాసుకున్న ఒప్పందం, 2025 మేలో కొచ్చి దగ్గర కంటైనర్ ఓడ మునిగే నాటికి కూడా అమల్లోకి రాలేదు. దేశాలు దాటే ప్రమాదకర వ్యర్థాల నష్టానికి 1999లో రాసుకున్న బాసెల్ ప్రోటోకాల్‌దీ అదే కథ. అయినా ఇవేవీ బోరు నీళ్ల గొడవకు పనికిరావు.

అందుకే నా ఓటు ఇక్కడికే. 1985లో ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకయ్యాక సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, ప్రమాదకర పదార్థాలతో వ్యాపారం చేసేవాడు "నేను జాగ్రత్తగానే ఉన్నా" అని తప్పించుకోలేడు, కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దదిగా ఉండాలి. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ ఆవిరి ఊళ్లమీద పడితే మర్నాడే పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్లు కట్టమంది. ఇబ్బంది ఒక్కటే, ఇక్కడి కంపెనీకి ఆస్తులేమీ లేకపోతే తీర్పు కాగితం మీదే ఉండిపోతుంది. ఈ ఫ్యాక్టరీకి మాత్రం షెడ్లున్నాయి, రోజూ లారీలు వచ్చి పోతున్నాయి. వసూలు చేయడానికి ఆస్తి కళ్ల ముందే ఉన్నప్పుడు సముద్రాలు దాటి పోవడం ఎందుకు?

చిన్నమ్మకు ఇదే చెప్పాను. ముందు కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, నీళ్ల శాంపిల్ తీయించి తేదీ ఉన్న ల్యాబ్ రిపోర్టు తెచ్చుకోవాలి. పరిహారం అడగడానికి ట్రిబ్యునల్ చట్టం ఇచ్చే గడువు 5 ఏళ్లు, మన దరఖాస్తు వెళ్లేది చెన్నై బెంచ్‌కి. నీళ్ల రంగు మొదట ఎప్పుడు మారిందో గుర్తుందా అని అడిగితే, చిన్నమ్మ లోపలికెళ్లి క్యాలెండర్ తీసుకొచ్చింది.