బీఎస్సీ కెమిస్ట్రీ తర్వాత మందుల కంపెనీ: ఉద్యోగమా, ఎమ్మెస్సీనా, బీఫార్మసీనా?

బరంపురంలో మా వీధి చివర చీరల కొట్టు పెద్దాయన పోయిన వారం ఇంటికొచ్చారు. "బాబూ, మా అమ్మాయికి బీఎస్సీ కెమిస్ట్రీ అయిపోవచ్చింది. అబ్బాయి ప్లస్ టూ పాసయ్యాడు. ఇద్దరూ మందుల కంపెనీయే అంటున్నారు. ఎవర్ని ఏం చదివించమంటావు?" అని అడిగారు. నేను ఆంధ్రలో మందుల కంపెనీలున్న పైడిభీమవరంలో, తర్వాత పరవాడలో మొత్తం పదకొండేళ్లు మందుల నాణ్యత పరీక్షించే క్యూసీలో, అంటే క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేశాను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మనవాళ్ల ఇళ్లలో చాలామందికి ఇదే టెన్షన్ కాబట్టి ఆయనకు చెప్పింది ఇక్కడా రాస్తున్నాను.

అబ్బాయి సంగతి తేలిక. ప్లస్ టూ సైన్స్ అయినవాడికి ఈ రంగమే కావాలంటే నాలుగేళ్ల బీఫార్మసీ మేలు. ఒడిశాలో దానికి ఓజేఈఈ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ డిగ్రీ ఉంటే 1948 ఫార్మసీ చట్టం కింద ఫార్మసిస్టుగా రిజిస్టర్ కావచ్చు. ఫ్యాక్టరీ పడకపోతే ఆసుపత్రి ఉంది, సొంత మెడికల్ షాపు ఉంది. బీఎస్సీతో కంపెనీలో ఎన్నేళ్లు చేసినా ఆ అర్హత రాదు. కంపెనీ లోపల కూడా కొంత తేడా ఉంది. మందుల తయారీని పర్యవేక్షించే బాధ్యత తీసుకోవాలంటే, నియమాల ప్రకారం ఫార్మసీ పట్టభద్రుడికి 18 నెలల అనుభవం చాలు. కెమిస్ట్రీ ప్రధానంగా చదివిన సైన్స్ పట్టభద్రుడికి 3 ఏళ్లు కావాలి.

అలాగని బీఎస్సీ అయిన అమ్మాయిని మళ్లీ బీఫార్మసీలో చేర్చడం నాకు ఇష్టం లేదు. మూడు, నాలుగు, మొత్తం ఏడేళ్లు డిగ్రీలకే పోతాయి. ఆమె ముందున్నవి రెండే దారులు: ఇప్పుడే ఉద్యోగం, లేదా ఎమ్మెస్సీ.

ఉద్యోగమంటే ఏ డిపార్ట్‌మెంట్ అని ముందు అడగాలి. అందరూ డిగ్రీ గురించే అడుగుతారు. నేను చూసినంతవరకు మనిషి జీవితాన్ని మొదట చేరిన డిపార్ట్‌మెంటే ఎక్కువగా మలుస్తుంది. రెండు మూడేళ్లు ప్రొడక్షన్‌లో చేసినవాళ్లను క్యూసీలోకి తీసుకోవడం అరుదు. బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) ప్లాంటులో ప్రొడక్షన్ కెమిస్టు అంటే రియాక్టర్లు, సెంట్రిఫ్యూజులు, డ్రయర్లు, సాల్వెంట్ల మధ్య మూడు షిఫ్టుల పని. అక్కడ నేర్చుకునేది చాలా ఉంది, దాన్ని తక్కువ చేయను. కానీ 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక ఫార్మా యూనిట్‌లో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. ఆ రోజు పరవాడలో మా ల్యాబ్‌లో ఎవరికీ అన్నం సహించలేదు. ప్రొడక్షన్‌కి వెళ్లే పిల్లలు జీతం కంటే ముందు సేఫ్టీ ట్రైనింగ్ ఎన్ని రోజులు ఇస్తారో అడగాలి.

క్యూసీ పని వేరు. శాంపిల్ తూయాలి, మొబైల్ ఫేజ్ (శాంపిల్ని మోసుకెళ్లే ద్రావణం) కలపాలి, హెచ్‌పీఎల్‌సీలో, అంటే మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో, ఇంజెక్ట్ చేసి, అది గీసే పీకులు (శిఖరాలు) చూసి మందు ఎంత శాతం ఉందో, మలినాలు హద్దులో ఉన్నాయో లేదో తేల్చాలి. చేతిపని ఆరు నెలల్లో వచ్చేస్తుంది. రాయడం రావడానికే ఏళ్లు పడుతుంది. నేను చేరిన కొత్తలో ఒక బరువును చిన్న కాగితం మీద రాసుకుని, తర్వాత రిజిస్టరులో ఎక్కించాను. అంకె సరైనదే. అయినా మా సార్ ఆ టెస్టు మొత్తం మళ్లీ చేయించారు. చూసిన అంకెను చూసిన క్షణంలోనే అసలు రిజిస్టరులో రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ, కారణం రాయాలి. వైట్‌నర్ ముట్టకూడదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడిట్‌కి వచ్చేవాళ్లు ముందు చూసేది ఇదే. ఈ అలవాటు పట్టుబడిన బీఎస్సీ వాళ్లు అది లేని ఎమ్మెస్సీ వాళ్లను దాటిపోవడం నేను కళ్లారా చూశాను.

మరి ఎమ్మెస్సీ ఎందుకు? ఆర్‌ అండ్ డీ, అంటే పరిశోధన విభాగం కోసం. ఆర్గానిక్ చేస్తే కొత్త ప్రాసెస్‌లు తయారుచేసే ల్యాబులు, అనలిటికల్ చేస్తే మందులను పరీక్షించే పద్ధతులు తయారుచేసే మెథడ్ డెవలప్‌మెంట్. ఉత్త బీఎస్సీతో అక్కడ అడుగుపెట్టడం చాలా కష్టం. కానీ పరికరాల ముఖం చూడకుండా రెండేళ్లు నోట్సు బట్టీపట్టి వచ్చిన ఎమ్మెస్సీ వాళ్లకు దక్కేది అదే క్యూసీ బెంచీ. కాబట్టి చేరేముందు ల్యాబులో ఏమేం పరికరాలున్నాయి, ప్రాజెక్టు ఎక్కడ చేయిస్తారు అని కనుక్కోవాలి.

ఇక్కడ బరంపురం వాళ్లకు ఒక వీలుంది. 1967లో పెట్టిన బరంపురం యూనివర్సిటీ ఊరికి దగ్గర్లోనే భంజ విహార్‌లో ఉంది. ఇంటన్నం తిని చదువుకోవచ్చు. అందుకే అమ్మాయికి అక్కడ సీటు వస్తే ఎమ్మెస్సీయే మేలని చెప్పాను. రాకపోతే అప్పు చేసి ప్రైవేటు ఎమ్మెస్సీ మాత్రం వద్దు. పైడిభీమవరంలో క్యూసీ ఉద్యోగం చూసుకోవాలి. మన ఊరి మీదుగా పోయే 16వ నంబరు హైవే మీదే ఉంది అది.

మందుల రెప్ ఉద్యోగం గురించి కూడా అడిగారు. మనవాళ్లకు తెలుగు, ఒడియా, హిందీ మూడూ వస్తాయి కాబట్టి ఈ జిల్లాల్లో ఆ పని బాగా నప్పుతుంది. అయితే అది అమ్మకాల పని, నేర్చుకున్న కెమిస్ట్రీ అందులో పెద్దగా వాడుకలో ఉండదు.

అంతా విని పెద్దాయన, "రెండేళ్లు ఆగడానికి కొట్టు మీద నెట్టుకురాగలను. కానీ అది ఉద్యోగమే అంటోంది" అన్నారు. అమ్మాయినే పంపమన్నాను. ఆదివారం వస్తానంది. నా పాత ల్యాబ్ నోట్సు తీసి ఉంచాను.